సాంచాలు ఆగినా.. చెవిలో చప్పుడు ఆగలేదు!

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చేయడం నాకు అలవాటు. అమ్మ ఎత్తితే అరగంట ముచ్చట. బాపు ఎత్తితే రెండే ముక్కలు.. "ఆ బిడ్డా, మంచిగున్నవా? ఆగు, మీ అమ్మకిస్త."

నాలుగేండ్లు ఇదే తంతు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని మానేరు ఒడ్డుకు తీసుకెళ్లిన మనిషి, నేను ఊరు దాటగానే ఇట్లా ఎందుకు మారిపోయాడో అర్థమయ్యేది కాదు. చెప్పకుండా ఉద్యోగంలో చేరినందుకు కోపమేమో అనుకున్నా. ఒకసారైతే అలిగి వారం రోజులు ఫోనే చేయలేదు.

అసలు సంగతి పోయినేడాది తెలిసింది. ఓ రాత్రి అమ్మ పక్కింటికి పోయింది. బాపుకు ఫోన్ ఇయ్యడానికి ఎవరూ లేరు. కాసేపు తడబడి మెల్లగా అన్నాడు.. "బిడ్డా, నీ గొంతు ఇనవడ్తది. ఏమన్నవో తెలుస్తలేదు."

వినబడుతుంది, కానీ అర్థం కాదు. వినికిడి లోపం అంటే చాలామందికి ఇదే. ఈ ఒక్క ముక్క మాకు నాలుగేండ్ల ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో! అందుకే ఇదంతా రాస్తున్నా.

సిరిసిల్ల: పన్నెండు గంటల మోత

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. బాపు ముప్పై ఏండ్లుగా సాంచాల మీదే ఉన్నాడు. కొన్నాళ్లు భివండిలో, తర్వాత ఇక్కడే కార్ఖానాలో. పగటి షిఫ్ట్ అయినా, రాత్రి షిఫ్ట్ అయినా 12 గంటలు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక సీజన్‌లో పని ఇంకా పెరిగేది. కార్ఖానా గడప తొక్కితే పక్కన నిలబడ్డ మనిషి మాట వినపడదు. అక్కడ అందరూ చేతులతో, పెదాల కదలికతో మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు బాపుకు టిఫిన్ డబ్బా తీసుకెళ్లినప్పుడు అదో ఆటలాగా అనిపించేది నాకు.

ఆ చప్పుడు ఎంతో లెక్కేసి చూద్దాం. మనం మామూలుగా మాట్లాడుకునేది దాదాపు 60 డెసిబెళ్లు. నాడె అటూ ఇటూ కొట్టుకునే మరమగ్గాల షెడ్లలో మోత సాధారణంగా 95 నుంచి 100 డెసిబెళ్ల పైనే ఉంటుంది. 60కి 100కి పెద్ద తేడా ఏముందిలే అనుకోకండి. డెసిబెళ్ల లెక్క మన కూడికల లెక్కలాంటిది కాదు. ప్రతి 3 డెసిబెళ్లకు శబ్ద శక్తి రెట్టింపు అవుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. 88 అయితే 4 గంటలే. 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 97 అయితే అరగంట. అంటే 97 డెసిబెళ్ల షెడ్డులో బాపు 12 గంటల డ్యూటీ చేస్తే, చెవి తట్టుకోగల మోతాదుకు 24 రెట్లు. ఒక్క రోజుకే అంత! అట్లాంటివి ముప్పై ఏండ్లు.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులో వెంట్రుకల్లాంటి సన్నని పోగులున్న కణాలు దాదాపు 16 వేలు ఉంటాయి. శబ్దం తగలగానే అవి ఊగుతాయి. ఆ ఊపు కరెంటు సంకేతంగా మారి నరం ద్వారా మెదడుకు చేరుతుంది. పెద్ద మోత రోజూ పడితే ఈ కణాలు అలిసిపోతాయి, తర్వాత చచ్చిపోతాయి. డ్యూటీ దిగాక చెవులు దిబ్బడేసినట్టు ఉండి, తెల్లారేసరికి తేరుకోవడం అలసట. తేరుకోకపోతే అది నష్టం.

సాంచా మీద పడుగు పోగు తెగితే బాపు రెండు వేళ్లతో క్షణంలో అతికేస్తాడు. చెవిలో పోగు తెగితే అతికే మనిషి ఇంకా పుట్టలేదు. పక్షులకు ఈ కణాలు మళ్లీ మొలుస్తాయి. మనుషులకు మొలవవు.

ఇంకోటి. కార్ఖానా నుంచి ఇంటికి వచ్చి పడుకున్నా బాపుకు నిశ్శబ్దం ఉండేది కాదట. "సాంచాలు బంద్ అయినా చెవుల గుయ్యిమంటనే ఉంటది" అన్నాడు. డాక్టర్లు దీన్ని టినిటస్ అంటారు. మోత వల్ల చెవి దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఉంటుంది. మాకెవరికీ చెప్పలేదు. అందరికీ ఉండేదే కదా అనుకున్నాడట.

మోత వల్ల వచ్చే వినికిడి లోపం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది. కానీ ఆ చట్టం పెద్ద ఫ్యాక్టరీల కోసం రాసింది. ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుకునే ఆసామి దాకా అది రాలేదు. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు నేను చిన్నప్పుడు ఏ కార్ఖానాలోనూ చూడలేదు.

'సాలా?' అంటే 'పాలా?'

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే గుర్తులన్నీ కళ్లముందే ఉన్నాయి. మేమే చూడలేదు.

అమ్మ అన్నం వడ్డిస్తూ "సాలా?" అంటే బాపు "పాలా? కూరల పాలెందుకే?" అనేవాడు. ఇల్లంతా నవ్వులు. బాపు కూడా నవ్వేవాడు. దాని వెనుక ఏం జరుగుతోందో జగిత్యాలలో ఆడియాలజిస్ట్ మేడమ్ చెప్పేదాకా మాకు తెలియదు. మాటలో 'ఆ', 'ఓ', 'ఊ' లాంటి అచ్చులు గట్టిగా, తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. 'స', 'ష', 'త', 'ప', 'క' లాంటి హల్లులు మెత్తగా, ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. మోత ముందుగా దెబ్బకొట్టేది 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే ఆ సన్నని శబ్దాలనే. అప్పుడు పాలు, సాలు, కాలు, తాలు.. అన్నీ 'ఆలు' లాగే వినిపిస్తాయి. ముందున్న అక్షరాన్ని బాపు ఊహించుకోవాలి. ఎదురుగా ఉంటే మన పెదాలు చూసి ఊహించగలడు. ఫోన్‌లో పెదాలు కనిపించవు కదా!

'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని ఎంత తేలిగ్గా అనేస్తాం. నిజానికి శంఖం అయితే బాపుకు బ్రహ్మాండంగా వినిపిస్తుంది. వినిపించనిది కూతురి మాటలో 'స'కారం.

మేం చేసిన ఇంకో తప్పు, అరవడం. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు అట్లాగే ఉండిపోతాయి. పైగా దెబ్బతిన్న చెవికి పెద్ద శబ్దం భరించలేనంత ఇబ్బంది. అందుకే "ఏందో చెప్పరాదు" అని అడిగే మనిషే, మనం గొంతు పెంచగానే "ఎందుకట్ల ఒర్లుతవ్?" అని కసురుతాడు. ఇది మొండితనం కాదు. జబ్బు తీరే అంత.

కోరుట్ల: అమ్మమ్మది వేరే కథ

బాపును టెస్టుకు రమ్మంటే అంత తేలిగ్గా రాలేదు. "నేనేం చెవిటోన్నా?" అన్నాడు. చివరికి మా అమ్మమ్మ సాకుతో దొరికాడు. అమ్మ పుట్టిల్లు కోరుట్ల. అమ్మమ్మకు డెబ్బై దాటాయి. జీవితమంతా బీడీలు చుట్టింది. మా మామ మస్కట్‌లో ఉంటాడు. వీడియో కాల్ చేస్తే అమ్మమ్మ అన్నిటికీ "ఆ.. ఆ.." అని తలూపుతుంది. కొడుకు "జ్వరమొచ్చింది అమ్మా" అన్నా "మంచిదే కొడుకా" అందట! ఆమెను చూపించడానికి తోడు రావాలని చెబితే బాపు బయల్దేరాడు. సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కోరుట్ల, అక్కడ అమ్మమ్మను ఎక్కించుకుని జగిత్యాల.

డాక్టర్ గారు ముందు అమ్మమ్మ చెవిలోకి లైటు వేసి చూశారు. ఎడమ చెవి నిండా గుబిలి, అదే గులిమి, రాయిలా గట్టిపడి ఉంది. పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలికి కెలికి ఆమే దాన్ని లోపలికి నెట్టుకుంది. వారానికోసారి వేడి చేసిన వెల్లుల్లి నూనె కూడా పోసుకునేదట. ఐదు రోజులు చుక్కల మందు వేసి, తర్వాత శుభ్రం చేస్తే ఆ చెవి సగం తెరుచుకుంది. మిగతా సగం వయసుతో వచ్చింది. అది రెండు చెవుల్లోనూ ఉంది.

అంటే వినపడకపోవడం అంతా ఒకటే కాదు. గులిమి, చెవిలో చీము, కర్ణభేరికి రంధ్రం.. ఇవి శబ్దం లోపలికి వెళ్లే దారిలో అడ్డంకులు. వీటిలో చాలావాటికి మందో, ఆపరేషనో ఉంది. లోపలి కణాలు, నరం దెబ్బతింటే మందు లేదు, సర్దుబాటు చేసుకునే మార్గాలున్నాయి. ఏది ఏదో తేల్చుకోకుండా ఆన్‌లైన్‌లో మిషన్ ఆర్డర్ పెట్టడం డబ్బు దండగ. గులిమితో నిండిన చెవికి మిషన్ పెట్టి ఏం లాభం?

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో వినపడకుండా పోతే ఆలస్యం చేయొద్దు. జలుబే, తగ్గుతుందిలే అని వారం ఆగొద్దు. అది ఎమర్జెన్సీ. మొదటి రోజుల్లోనే మందులు మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

జగిత్యాల: గాజు గదిలో బాపు

అమ్మమ్మ పని అయ్యాక "వచ్చినం కదా, నువ్వూ ఒకసారి కూసో" అన్నా. బాపు కాదనలేకపోయాడు. నిజానికి నేను ముందు రోజు అతన్ని డ్యూటీకి పోనీయలేదు. మోతలోంచి నేరుగా వస్తే చెవులు అలిసిపోయి రిజల్ట్ తప్పు వస్తుందని చదివాను.

చిన్న సౌండ్‌ప్రూఫ్ గది. చెవులకు హెడ్‌ఫోన్స్, చేతిలో బటన్. కూత వినిపిస్తే నొక్కాలి, ఎంత సన్నగా వినిపించినా సరే. దీన్నే ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అంటారు. నొప్పి లేదు, సూది లేదు, అరగంటలో అయిపోతుంది. గాజు అవతల మేము నిలబడ్డాం. మాకు మిషన్ మీద లైటు వెలగడం కనిపిస్తోంది. బాపు బటన్ నొక్కడం లేదు. కళ్లు మూసుకుని, నుదురు ముడిచి, ఏదో పట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. లైటు మళ్లీ వెలిగింది. బాపు కదల్లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగేండ్లుగా నేను అలిగింది ఈ మనిషి మీదా అనిపించింది.

రిపోర్టును ఆడియోగ్రామ్ అంటారు. చదవడం తేలికే. ఎడమ నుంచి కుడికి పోతే సన్నని శబ్దాలు, పై నుంచి కిందికి పోతే ఎక్కువ నష్టం. ఎర్ర సున్నా కుడి చెవి, నీలం ఇంటూ గుర్తు ఎడమ చెవి. బాపు గీత 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెళ్లు, 1000 దగ్గర 30, 2000 దగ్గర 45. 4000 దగ్గర ఒక్కసారిగా 70కి పడిపోయింది. 8000 దగ్గర మళ్లీ 60కి లేచింది. 4000 దగ్గర పడే ఆ గుంట మోత వదిలిపెట్టిన ముద్ర అట. సగటు తీస్తే 42 పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో 20 లోపు మామూలు, 20 నుంచి 35 స్వల్పం, 35 నుంచి 50 మధ్యస్థం.

"సదరం సర్టిఫికెట్ వస్తదా మేడమ్?" అని అమ్మ అడిగింది. రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్లు దాటితేనే వినికిడి లోపం కింద లెక్క. 70 దాటితే బధిరులు. అట్లాంటివాళ్లకు, 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే, కేంద్రం నడిపే అడిప్ పథకంలో మిషన్లు దొరుకుతాయి. మీ ఇంట్లో అర్హులుంటే తప్పకుండా అడగండి. బాపు మాత్రం ఎటూ కాని మధ్యలో పడ్డాడు. చట్టం లెక్కలో బాగానే ఉన్నాడు, ఫోన్‌లో కూతురి మాట అర్థం కాదు.

డిజిటల్ మిషన్లు ఒక్కో చెవికి పది, పదిహేను వేల నుంచి లక్ష దాకా ఉన్నాయి. రెండు చెవులకూ పెట్టడం మంచిదన్నారు. మా స్తోమతకు ముందు ఒకటి తీసుకున్నాం, 18 వేలు. రెండోది మూడు నెలల తర్వాత. ఖరీదు కంటే ముఖ్యం, మీ ఆడియోగ్రామ్‌ను బట్టి ఆడియాలజిస్ట్ దాన్ని సెట్ చేయడం. బాపుకు 500 దగ్గర పెద్దగా అవసరం లేదు, 4000 దగ్గర ఎక్కువ కావాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక యాంప్లిఫైయర్లు అన్నిటినీ ఒకే తీరుగా పెంచేస్తాయి. మిగిలిన చెవిని కూడా పాడుచేయొచ్చు.

ఇక నా వంతు

"నువ్వు కూడా చూసుకో" అన్నారు మేడమ్. నాకేంటి, 26 ఏండ్లు అనుకుంటూ నవ్వుతూ కూర్చున్నా. రిపోర్ట్ నార్మలే. కానీ 4000 దగ్గర నా గీత కూడా కొంచెం వంగింది. "ఇయర్‌ఫోన్స్ వాడతావా?" అన్నారు. వాడటమా! ఆఫీసు బస్సులో రానూ పోనూ మూడు గంటలు. బస్సు మోత వినపడకుండా ఫుల్ వాల్యూమ్.

నా సాంచా నా జేబులోనే ఉందన్నమాట.

చెవి జాగ్రత్త పాటించకుండా వినడం వల్ల ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా యువత వినికిడి ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. దాని లెక్కలో 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90 దగ్గర 4 గంటలే. నేను చేసిన మార్పులు మూడు. వాల్యూమ్ 60 శాతం దాటనీయను. బయటి మోతను తగ్గించే రకం హెడ్‌ఫోన్స్ కొన్నా, దాంతో పెంచాల్సిన అవసరమే రావట్లేదు. గంటకోసారి తీసి చెవులకు విరామం ఇస్తా. మీ ఫోన్‌లో హెడ్‌ఫోన్ సౌండ్ లెవెల్ చూపించే సెట్టింగ్ ఉందేమో చూడండి. 'హియర్‌హూ' అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచిత యాప్ కూడా ఉంది. మోత మధ్యలో అంకెలు వినిపించి మీ వినికిడిని పరీక్షిస్తుంది. అది డాక్టర్ టెస్టుకు బదులు కాదు గానీ, వెళ్లాలో లేదో చెబుతుంది.

మిషన్ పెట్టగానే అయిపోదు

కళ్లజోడు పెట్టగానే అక్షరాలు కనిపిస్తాయి. మిషన్ అట్లా కాదు. మొదటి రోజు బాపు గంటలో తీసి పక్కన పెట్టాడు. "ప్లాస్టిక్ కవర్ ముడిస్తే పటాకులు కాల్చినట్టున్నది" అన్నాడు. ఏండ్ల తరబడి వినని శబ్దాలన్నీ ఒక్కసారిగా మెదడు మీద పడతాయి మరి. ఏది కావాలో, ఏది వద్దో మెదడు మళ్లీ నేర్చుకోవాలి. మేడమ్ చెప్పిన పద్ధతి ఇది.. మొదటి వారం ఇంట్లో, టీవీ ఆపేసి, ఒక్కరితో మాట్లాడుతూ రోజుకు రెండు గంటలు. తర్వాత మెల్లగా పెంచడం. నెల తర్వాత మళ్లీ వెళ్లి సెట్టింగ్ మార్పించుకోవడం. ఈ రెండో ట్రిప్ ఎగ్గొట్టి మిషన్‌ను బీరువాలో పడేసేవాళ్లే ఎక్కువ. చెమట తగలకుండా రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి.

కార్ఖానాలో మిషన్ పెట్టుకోకూడదు. అక్కడ ప్లగ్గులు. బాపు మొదట ఒప్పుకోలేదు. "పోగు తెగితే సాంచా చప్పుడు మారుతది. ప్లగ్గులు వెట్టుకుంటే అదెట్ల తెలుస్తది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు వారాలు చెవులు దురదపెడుతున్నాయని తీసేశాడు కూడా. ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. చప్పుడు పూర్తిగా పోదు, తగ్గి వినిపిస్తుంది, తేడా తెలుస్తూనే ఉంటుందంటున్నాడు. పక్క సాంచాల మీది ఇద్దరు కూడా అడిగి తీసుకున్నారు.

మేమూ మారాం. వెనుక నుంచి, వేరే గదిలోంచి పిలవడం మానేశాం. ముందు పేరు పిలిచి, ముఖం చూపించి, మామూలు గొంతుతో నిదానంగా చెబుతాం. అర్థం కాకపోతే అదే మాట గట్టిగా అనం, వేరే మాటల్లో చెబుతాం. "ఏం లేదులే, తర్వాత చెప్తా" అనడం మాత్రం పూర్తిగా మానేశాం. ఆ ఒక్క మాటే మనిషిని ఇంట్లోనే ఒంటరిని చేస్తుంది. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు కారణమయ్యే, మనం తగ్గించుకోగల 14 ముప్పుల్లో వినికిడి లోపాన్ని కూడా చేర్చింది. పెళ్లిళ్లకు రానంటున్న, టీవీ సౌండ్ పెంచుతున్న, ఫోన్ ఇంకొకరికి ఇచ్చేస్తున్న పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే అది కోపమో, వైరాగ్యమో అనుకోకండి. ఒకసారి టెస్టుకు తీసుకెళ్లండి.

ఫోన్ విషయంలో ఇంకో సాయం దొరికింది. గూగుల్ 'లైవ్ ట్రాన్స్‌క్రైబ్' యాప్ ఎదుటి మనిషి మాటను తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది. బ్యాంకుకు, ఆసుపత్రికి పోతే బాపు అది ఆన్ చేసుకుంటున్నాడు. కోరుట్లలో అమ్మమ్మ మామతో వీడియో కాల్‌లో ఇప్పుడు "ఏమన్నవ్ రా, మళ్లొకసారి చెప్పు" అని అడుగుతోంది. ఊరికే తలూపడం తగ్గింది.

మొన్న రాత్రి ఏడు గంటలకు ఫోన్ మోగింది. బాపు. తనంతట తాను చేయడం ఎన్నేండ్లకో!

"ఎక్కడున్నవ్ బిడ్డా?"

"బస్సులో ఉన్నా."

"పప్పా? దేంతోని తింటున్నవ్?"

ఇదివరకైతే అరిచేదాన్ని. లేదా నవ్వేసి అమ్మకిమ్మనేదాన్ని.

"ఆఫీసైపోయింది బాపూ. ఇంటికి పోతున్న. బస్సెక్కిన."

ఒక క్షణం ఆగాడు.

"ఆ.. బస్సా! సరే. సీటు దొరికిందా మరి?"

ఆ రాత్రి అమ్మకు ఫోన్ ఇవ్వడానికి పదకొండు నిమిషాలు పట్టింది.